ఒడ్డు పద్ధతిలో వేసిన మార్కులు

పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయని టీవీలో చెప్పిన రోజు మా పాలెంలో పిల్లలు పండగ చేసుకున్నారు. ఒకడు పుస్తకాల సంచిని గాల్లోకి ఎగరేశాడు, అది పోయి వలల మీద పడింది, వాళ్ల నాయన చేతిలో రెండు తిన్నాడు. అయినా వాడి నవ్వు ఆగలేదు. మా మనవరాలు మాత్రం ఇంటి వెనక గోడకు ఆనుకుని ఏడుస్తూ కూర్చుంది. నేను అప్పుడు కవళ్ల చేపలకు ఉప్పు పెడుతున్నాను. ఉప్పు చేతులతో దాని కళ్లు తుడవలేను కాబట్టి నోటితోనే అడిగాను.

"ఎందుకుమే ఏడస్తా ఉండావు? పరీక్ష లేకపోతే మంచిదే గదా."

"రాసుంటే నేనే తెచ్చుకునేదాన్ని అవ్వా. ఇప్పుడు సారు ఎంతేస్తే అంతే."

కరోనా రెండోసారి వచ్చిన ఏడాది అది. పెద్ద పరీక్ష లేదు కాబట్టి, బడిలో ఏడాది మధ్యలో పెట్టిన రెండు చిన్న పరీక్షల మార్కులు సార్లు పంపిస్తారట, వాటిని బట్టి గ్రేడు వస్తుందట. పిల్ల ముక్కు ఎగబీలుస్తూ చెప్పింది. నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమయ్యాక తెలిసింది, ఏడవాల్సింది అది కాదు, నేనని.

ఆ గ్రేడు దానికి ఎందుకంత ముఖ్యమో చెబుతాను. మా వైపు ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల చెరువులే. ఇందుకూరుపేట రోడ్డులో మేతలు, మందులు అమ్మే కొట్టు ఒకటుంది. దాని వెనక గదిలో ఒక అమ్మాయి తెల్లకోటు వేసుకుని, రైతులు సీసాల్లో తెచ్చిన చెరువు నీళ్లను పరీక్ష చేసి చెబుతుంది. మీసాలు తిప్పుకునే మగాళ్లు, పదేసి ఎకరాల చెరువులున్న వాళ్లు, ఆ పిల్ల ముందు డాక్టరు దగ్గర నిలబడ్డట్టు నిలబడతారు. నా వెంట చేపల గంపతో వచ్చినప్పుడు మా మనవరాలు అది చూసింది. ఏం చదివినావక్కా అని అడిగింది. చేపల పెంపకంలో డిప్లొమా అని ఆమె చెప్పింది. పదో తరగతి అయ్యాక రెండేళ్ల చదువు. సీట్లు తక్కువ, పదిలో వచ్చిన గ్రేడు చూసే ఇస్తారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. కూరలో ఉప్పెక్కువైతే కూడా నీళ్ల పరీక్ష గురించే మాట్లాడేది.

వాళ్ల నాయన, అంటే మా అబ్బాయి, సముద్రం మీదకు పోతాడు. కోడలు రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తుంది. బడి వ్యవహారాలన్నీ నా మీదే పడ్డాయి. చదువు గురించి నాకేం తెలుసంటే పెద్దగా ఏమీ తెలియదు. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక, ఈ పిల్ల ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, దాని పలక మీదే. నేర్చుకున్నాక నేను మొట్టమొదట సొంతంగా చదివింది ఐసు పెట్టె మీద కంపెనీ పేరు. అంత కష్టపడి చదివి తెరిస్తే ఆ పెట్టెలో ఏమీ లేదు.

ఇక నా తప్పు సంగతి. ఆ రెండు చిన్న పరీక్షల్లో మొదటిది మా పిల్ల బాగా రాసింది. రెండోది మా గంగమ్మ తల్లికి పొంగళ్లు పెట్టే రోజున వచ్చింది. ఆ రోజు మా పాలెం పొలిమేర కట్టేస్తాం. దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన మోకు కడతాం. పొద్దున డప్పు మోగిన దగ్గర నుంచి సాయంత్రం కుంభం సముద్రంలో కలిపేదాకా లోపలి మనిషి బయటికి పోకూడదు, బయటి మనిషి లోపలికి రాకూడదు. పడవ కూడా కదలదు. ఆ ఏడాది మోకు దగ్గర కూర్చున్న పెద్దాడవాళ్లలో నేను ఒకదాన్ని. పసుపు చీర కట్టుకుని మంచి దర్జాగా కూర్చున్నాను.

తొమ్మిది మంది పిల్లలు అట్టలు, పెన్నులు పట్టుకుని వచ్చారు. ముందు మా పిల్లే ఉంది.

"అవ్వా, రెండు గంటలు. రాసేసి వచ్చేస్తాం."

"చిన్న పరీక్షే గదా. పెద్దది ఎండాకాలంలో ఉండాది, అది రాద్దురు పొండి."

"సారు రమ్మన్నారు అవ్వా."

"సారుకి గంగమ్మ తెలవదు. నాకు తెలుసు. ఎనక్కి పొండి."

కాసేపటికి సారు ఫోను చేశాడు. ఆ ఫోను నేనే తీసుకుని, మా తల్లి కన్నా మీ చిట్టి పరీక్ష పెద్దదా సారూ అని దులిపేశాను. ఆయన సరే అవ్వా అని పెట్టేశాడు. నేను చాలా గొప్ప పని చేశాననుకుని బెల్లం నీళ్లు తాగాను. పెద్ద పరీక్ష పోయి చిన్న పరీక్షే పెద్దదవుతుందని ఎవరనుకుంటారు?

పరీక్షలు రద్దన్న మర్నాడే బడికి పోయాను. బడి పై ఊళ్లో, వరి పండించే రైతుల ఊళ్లో ఉంది. మా పిల్లలు రెండు కిలోమీటర్లు నడిచి పోతారు. సారు ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పదో తరగతి మార్కులన్నీ చూసుకునేది ఈయనే, నెల్లూరు నుంచి మోటారు సైకిలు మీద వచ్చే కుర్ర సారు. ఫోనులో నా నోటి దెబ్బ తిన్నవాడే అయినా లేచి కుర్చీ వేశాడు.

"మా తొమ్మిది మందికీ రెండో పరీక్షకి ఏం వేసినావు సారూ?"

"రాని వాళ్లకి సున్నా వెయ్యాల అవ్వా. మనసొప్పక అంచనాగా వేస్తా ఉండా."

"అంచనా అంటే?"

"ఏడాదంతా చూసినా గదా. ఎవరెట్టా చదవతారో తెలుసు."

"మా పిల్ల ఏ బెంచీలో కూచుంటాది?"

ఆయన కాస్త ఆలోచించాడు. "రెండో బెంచీ. కాదు, మూడోది."

"ఆఖరి బెంచీ. పొడుగు పిల్లని నువ్వే ఎనక్కి పంపినావంట."

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏం చెప్పమంటావు అవ్వా. సగం ఏడాది ఫోనులో పాఠం చెప్పినా. మిగతా సగం అందరూ మూతికి గుడ్డలు కట్టుకోని కూచున్నారు. మీ పాలెం పిల్లలు ఇద్దర్ని చానా రోజులు ఒక్కరే అనుకున్నా. హాజరు పిలిస్తే రెండుసార్లు పలకతా ఉంటే ఎటకారం అనుకోని తిట్టినా కూడా."

"మరి దేన్ని చూసి వేసినావు?"

"మొదటి పరీక్షలో వచ్చిన దాంట్లో కొంచెం తగ్గించి వేసినా."

"తగ్గించేది ఎందుకు?"

"రాయని వాళ్లకి రాసిన వాళ్లతో సమానంగా ఎట్టా వేసినావని పై ఊరోళ్లు అడిగితే నేనేం చెప్పేది?"

మనిషి అబద్ధం చెప్పలేదు, అందుకు సంతోషం. కానీ ఆయన చేస్తున్న పని చూస్తే నాకు నవ్వొచ్చింది. అంచనా అంటే మా బతుకే. మా ఒడ్డున చిన్న చేపకు కాటా ఉండదు. పడవ రాగానే చేపను పట్ట మీద కుప్పగా పోస్తారు. కంటితో చూసి ఇదింత ఉంటుందని వేలం పాట పాడుకుంటాం. నలభై ఏళ్లుగా నేను చేసింది అదే. కుప్పను చూసి ఎన్ని గంపలో చెబితే పావు గంప కూడా తేడా రాదు. కానీ దానికో పద్ధతుంది. కుప్ప అందరి ముందూ ఉండాలి. ఎవరైనా సరే చెయ్యి దూర్చి అడుగున ఏముందో చూసుకోవచ్చు, ఎందుకంటే పైన పెద్ద చేపలు పరిచి కింద చిన్నాచితకా పొడి చేప దాచే మొనగాళ్లు ప్రతి ఒడ్డునా ఉంటారు. ఇంకొకటి, సొంత మనుషుల పడవ చేప మీద మనం నోరు తెరవకూడదు. భర్త పడవైనా, కొడుకు పడవైనా, పాట అయ్యేదాకా పక్కకు పోయి నిలబడాలి. ఈ చివరిది తప్పితే ఒడ్డున మళ్లీ ఎవరూ మాట కలపరు.

ఇదంతా సారుకు చెప్పాను.

"నువ్వు కుప్పలో చెయ్యి పెట్టకుండా పాట పాడతా ఉండావు సారూ. మా ఒడ్డున అయితే నవ్వతారు. పిల్లల పుస్తకాలన్నీ తెప్పించి బయట పరిచి పెట్టు. అందర్నీ పిలువు. పై ఊరోళ్లని కూడా పిలువు. ఎవరి పిల్ల గురించి వాళ్లు మాట్లాడకూడదు, మిగతా వాళ్లు తెలిసింది చెప్పాల. ఆఖర్న నువ్వే వేసుకో."

సారు మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, రేపు ఎవరన్నా అడిగితే అందరూ ఉన్నారు గదా అని చెప్పుకోవచ్చు అన్నాడు. ఆయనకు నచ్చింది ఆ ముక్క.

ఆదివారం పొద్దున బడి ఆవరణలో కలిశాం. కరోనా కదా అని సారు సున్నంతో గుండ్రాలు గీసి పెట్టాడు. మా ఆడవాళ్లు కాసేపు ఒక్కో గుండ్రంలో ఒక్కొక్కరు నిలబడ్డారు, తర్వాత మాటలు వినపడటం లేదని గుండ్రాలు తొక్కుకుంటూ వచ్చి గుంపుగా కూర్చున్నారు. పై ఊరి నుంచి బడి కమిటీ రైతు ఒకాయన వచ్చి వసారాలో కుర్చీ మీద కూర్చున్నాడు. తొమ్మిది మంది పిల్లలూ ఎవరి పుస్తకాల కుప్ప ముందు వాళ్లు నిలబడ్డారు. నేను లేచి ఒడ్డు పద్ధతి అందరికీ చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు బాగా పెద్దదిగా ఉందని తర్వాత అన్నారు.

మా వదిన కూడా వచ్చింది. వరసకే వదిన. ఒడ్డున నలభై ఏళ్లుగా నాకు పోటీ మనిషి. నేను పది అంటే పన్నెండు అంటుంది, నేను మాగ చేప కొంటే ఆమె అంతకన్నా ఖరీదైన చందువా కొని నా ముందు నుంచి తిప్పుకుంటూ పోతుంది. ఒకసారి రెండేళ్లు నాతో మాట్లాడలేదు, ఎందుకో ఇద్దరికీ గుర్తులేదు. ఆమెకు అక్షరం ముక్క రాదు. పదో తరగతిలో ఆమె పిల్లలెవరూ లేరు. ఊరికే వేడుక చూడ్డానికి వచ్చింది, వచ్చాక కూర్చోబుద్ధి కాలేదు.

మొదటి పిల్లవాడి పుస్తకాలు అచ్చేసినట్టు ఉన్నాయి. సారు ముచ్చటపడిపోయాడు. మా వదిన ఒక పుస్తకం తీసి పేజీలు తిప్పింది, ఇంకోటి తీసి తిప్పింది, రెండూ పక్కపక్కన పెట్టింది.

"పైన ఒక చేప, అడుగున ఇంకో చేప ఉండాది సారూ. ఈ రాతలు రెండూ ఒక చెయ్యివి కావు."

పిల్లవాడు తల వంచుకున్నాడు. వాళ్లక్క రాసిపెట్టిందని తేలింది. వాళ్లమ్మ నోరు తెరవబోయి, పద్ధతి గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకడి పుస్తకానికి అట్టే లేదు, సగం పేజీలు లేవు. పై ఊరి రైతు వాడికి ఏమీ వెయ్యక్కర్లేదన్నాడు. పక్కింటామె లేచి, మా పడవ ఇంజనుకి ఎన్ని లీటర్లు పోస్తే ఎంత దూరం పోయి రావచ్చో ఈ పిల్లోడే నోటి లెక్కన చెబతాడు సారూ అంది. సారు అక్కడికక్కడే రెండు లెక్కలు అడిగాడు. వాడు ఆకాశం వైపు చూసి రెండూ చెప్పాడు. రైతు కూడా ఒక లెక్క అడిగాడు, ఎకరాల లెక్క. అదీ చెప్పాడు. రైతు గట్టిగా వెయ్యి సారూ వీడికి అన్నాడు.

అలా ఒకరి తర్వాత ఒకరు అయి మా పిల్ల వంతు వచ్చింది. నేను లేచాను.

"సారూ, మా పిల్ల..."

"కూచో వదినా," అంది మా వదిన. "ఇది నీ పడవ."

అందరూ నవ్వారు. కూర్చోక చస్తానా. నేను పెట్టిన పద్ధతే.

ఆమె మా పిల్ల కుప్ప దగ్గరికి వచ్చి సైన్సు పుస్తకం తీసింది. ఎర్ర సిరాతో పెట్టిన టిక్కులు వేలితో తడిమి చూసింది. తర్వాత పుస్తకం మూసి నేరుగా అడిగింది.

"మా వాడి చెరువులో రొయ్య పోయింది తెలుసు గదా. ఎందుకు పోయిందో చెప్పు."

వాళ్ల అబ్బాయి చెరువు కౌలుకు తీసుకున్నాడు. వరసగా రెండు పంటలు పోయాయి. రొయ్యపిల్లలు అమ్మే హేచరీ వాడు మంచి పిల్ల ఇవ్వలేదని ఆమె ఒడ్డున కనిపించిన వాళ్లందరికీ చెప్పేది. మా పిల్లకు లౌక్యం తెలియదు. ఎవరి పోలికో చెప్పక్కర్లేదు.

"మబ్బు పట్టినప్పుడు రొయ్య మేత సరిగ్గా తినదు అమ్మమ్మా. మామ రోజూ ఏసినంతే ఏసినాడు. మిగిలిందంతా అడుగున కుళ్లింది. తెల్లారేపాటికి నీళ్లల్లో ఆక్సిజన్ అయిపోయుంటాది. రొయ్యలు పైకి తేలి తిరిగినాయి గదా, అది ఊపిరాడకే."

"అంటే మా వాడి తప్పంటావు."

"రొయ్యపిల్ల తప్పు కాదంటా ఉండా అమ్మమ్మా."

ఎవరూ నవ్వలేదు. కొడుకు చేతకానితనం ఊరి ముందు చెబితే ఏ తల్లి ఊరుకుంటుంది? అందులో మా వదిన. పోయింది సీటు అనుకున్నాను. ఆమె ఆ పుస్తకాన్ని మళ్లీ కుప్ప మీద పెట్టింది.

"ఈ ముక్క మొదటి పంటకే ఎవరన్నా చెప్పుంటే రెండోది మిగిలేది," అంది. "సైన్సు ఎంతకి సారూ?"

"ఇరవైకి."

"ఇరవై వెయ్యి."

"పంతొమ్మిది వేస్తానమ్మా. ఇరవైకి ఇరవై వేస్తే పైవాళ్లు నమ్మరు."

"నమ్మకపోతే నా కాడికి పంపు. నోటి దురుసుకి కూడా మార్కులుంటే అవి కూడా ఇరవై వెయ్యి, వాళ్ల అవ్వది అబ్బింది."

అప్పుడు నవ్వారు. నేను కూడా ఊపిరి పీల్చుకుని నవ్వాను. లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు బాగానే గడిచాయి. అయిపోయిందనుకునే లోపల ఆమె చెయ్యి కుప్ప అడుగుకి పోయింది. ఒక పుస్తకం బయటికి వచ్చింది.

"ఇదేంది, సగం తెల్లగా ఉండాది?"

"హిందీ," అన్నాడు సారు.

"ఏం మే, పెన్నులో సిరా అయిపోయిందా?"

"నాకు హిందీ రాదు అమ్మమ్మా," అంది మా పిల్ల.

కారణం నాకు తెలుసు. హిందీ పొద్దున మొదటి పీరియడు. పడవలు వచ్చే వేళకు గంపలు ఎత్తడానికి దాన్ని నా వెంట ఒడ్డుకు తీసుకుపోయేదాన్ని, వారానికి మూడు నాలుగు రోజులు బడికి ఆలస్యంగా పోయేది. అది చెబుదామని నోరు తెరిచాను. మా వదిన నా వైపు తిరగను కూడా తిరగలేదు, చెయ్యి మాత్రం ఎత్తింది, ఒడ్డున ఎత్తినట్టే. నోరు మూసుకున్నాను.

"దీనికి ఆరు," అంది. సారు మా పిల్ల మొహం చూశాడు. అది తల ఊపింది. ఆరు వేశాడు.

గ్రేడులు వచ్చాయి. అందరూ పాసయ్యారు, ఆ ఏడాది ఫెయిలయ్యే వీలే లేదు. పై ఊళ్లో కొందరికి పదికి పది వచ్చింది. మా పిల్లకు పది రాలేదు. డిప్లొమాకు కాగితాలు పెట్టాం. మొదటి లిస్టులో దాని పేరు లేదు. ఫోనులో ఆ లిస్టును అది మూడుసార్లు పైనుంచి కిందికి జరిపింది, నేను కళ్లజోడు పెట్టుకుని నాలుగోసారి చూశాను. లేదు.

మర్నాడు ఒడ్డున మా వదినను పట్టుకున్నాను. చుట్టూ జనం ఉన్నారు, నాకు లెక్కలేదు.

"నీ ఆరు మార్కులు మా పిల్ల సీటు మింగేసినాయి."

"నా ఆరు కాదు, దాని ఆరు."

"ఒక పది చెబితే నీ సొమ్మేం పోయేది?"

"అడుగున పొడి చేప ఉండాదని తెలిసి, అంతా వంజరమే అని నువ్వెప్పుడన్నా పాడినావా?" అంది. "నాకు చదువు రాదు వదినా. కాయితం తెల్లగా ఉంటే అది తెలుస్తాది. నేను ఆరు చెప్పబట్టే ఆ పై ఊరాయన నా ఇరవైని నమ్మినాడు."

నేను తిట్టాను. ఆమె కూడా తిట్టింది. ఆ రోజు పాటలో ఇద్దరం పంతానికి పోయి కానాగంత చేపలు ఎక్కువ ధరకు కొనుక్కున్నాం, పడవవాడు బాగుపడ్డాడు.

రెండో లిస్టులో సీటు వచ్చింది. కాలేజీ పక్క జిల్లాలో, రెండు బస్సులు మారాలి. దగ్గరున్న కాలేజీలో సీట్లు మొదటి లిస్టుతోనే నిండిపోయాయి.

పోయే ముందు రోజు మధ్యాహ్నం పెట్టె సర్దుతున్నాం. పిల్ల బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా అంది.

"ఆ రోజు పొలిమేర దాటనిచ్చి ఉంటే నేనే రాసేదాన్ని అవ్వా. మొదటి లిస్టులో వచ్చుండేదేమో."

ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా అది ఆ మాట అనలేదు. గంగమ్మ పేరు చెబుదామని నోటిదాకా వచ్చింది. అమ్మవారు ఆ పిల్లల్ని ఆపమని నా చెవిలో చెప్పలేదు. ఆపింది నేను.

"అవును," అన్నాను. "పోనిచ్చుండాల్సింది. తప్పు నాదే. ఆ హిందీ కూడా నా వల్లే."

"హిందీ నీ వల్ల కాదులే అవ్వా," అంది. "నువ్వు పిలవకపోయినా ఆ పీరియడుకి పోయుండను."

తర్వాత అది పెట్టెలో ఖాళీ చూపించి, హాస్టల్లో కూరలు బాగుండవంట, ఇక్కడ ఎండు రొయ్యలు పెట్టు అంది. బట్టలకు వాసన పడుతుంది మే అన్నాను. పడితే పడనీ, చేపల చదువుకే గదా పోతా ఉండేది అంది. నేను రెండు కేజీలు కట్టాను. పెట్టెలో పట్టలేదు. దిగబెట్టడానికి నేనూ వెంట పోయాను. బస్సులో అది ఆ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నేను పక్కన నిలబడ్డాను. పక్క సీటాయన లేచి ముందుకు పోయాడు. నాకు కూర్చోడానికి చోటు దొరికింది.